మబ్బు చాటు నేల

సెంటినెల్-2 ఉపగ్రహాలు మన నెత్తిమీదుగా పోయేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. ఏ దేశం మీదికి వెళ్లినా అక్కడి సూర్యుడి లెక్కన దాదాపు ఆ వేళకే చేరేలా వాటి కక్ష్యను అమర్చారు. ఆ ముహూర్తం ఊరికే పెట్టింది కాదు. మరీ పొద్దున్నే అయితే నీడలు పొడుగ్గా పడతాయి, వెలుతురు చాలదు. మధ్యాహ్నం దాటితే నేల కాగి, ఆవిరి పైకి లేచి, మబ్బులు కూడుకుంటాయి. ఆ రెంటి నడుమ దొరికిన సందు పదిన్నర. 1972లో ఎగిరిన మొదటి లాండ్‌శాట్ నుంచి ఇప్పటిదాకా నేలను చూసే ఉపగ్రహాల్లో చాలావాటికి పొద్దుటి పూటే డ్యూటీ.

ఇంత జాగ్రత్త పడ్డా మబ్బు వదలదు. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీదున్న మోడిస్ పరికరం ఏళ్ల తరబడి తీసిన చిత్రాలను లెక్కగడితే, సగటున భూగోళంలో 67 శాతం ఎప్పుడూ మబ్బు కిందే ఉంటుందని తేలింది. సముద్రాలను పక్కనపెట్టి నేల వరకే చూస్తే 55 శాతం. సగం పోయినా సగం దక్కిందిలే అనుకోవచ్చు. కానీ మబ్బు సగటు చూసుకుని రాదు, రుతువు చూసుకుని వస్తుంది. గోదావరి డెల్టాలో దాళ్వా వరి ఎదిగే ఫిబ్రవరిలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, చిత్రాలు కావలసినన్ని. సార్వా నాట్లు పడే జూలై, ఆగస్టుల్లో సంగతి వేరు. సెంటినెల్-2 జంట 5 రోజులకోసారి వస్తుంది గనక ఆ రెండు నెలల్లో డజను సార్లు చూస్తుంది. అందులో నేల నిండుగా కనిపించేవి ఒకటి రెండు దక్కితే అదృష్టమే. ఎన్ని ఎకరాల్లో నాట్లు పడ్డాయి, ఏ కాలువ శివారు భూములకు నీరు అందలేదు అన్నది తెలియాల్సింది మాత్రం సరిగ్గా అప్పుడే.

(వాతావరణ శాస్త్రవేత్తకు ఈ గొడవ లేదు. 1960 ఏప్రిల్ 1న టైరోస్-1 ఎగిరిందే మబ్బులను చూడటానికి. ఒకరికి సరుకైనది ఇంకొకరికి చెత్త.)

మబ్బు నేలను ఎలా దాస్తుందో ముందు చూడాలి. మేఘంలోని నీటి బిందువులు పది ఇరవై మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం అర మైక్రాన్ అటూ ఇటూ. సెంటినెల్-2 చూసే 13 బ్యాండ్లలో అన్నిటికన్నా పొడవైనది కూడా రెండు మైక్రాన్లు దాటి కొద్దిగానే ఉంటుంది. అంటే ఆ వెలుగుకు ప్రతి బిందువూ పెద్ద అడ్డంకే. తగిలిన వెలుగు చెదిరిపోతుంది, చెదిరినది మరో బిందువుకు తగిలి మళ్లీ చెదురుతుంది. అన్ని రంగులూ ఇంచుమించు ఒకేలా చెదురుతాయి గనక మబ్బు తెల్లగా కనిపిస్తుంది. పలుచని మబ్బయితే నేల నుంచి వచ్చిన వెలుగు కొంత తప్పించుకుని పైకి చేరుతుంది. ఆ కొంతను మబ్బు తెలుపు నుంచి వేరు చేయవచ్చు, దానికి లెక్కలున్నాయి. దట్టమైన మబ్బయితే ఉపగ్రహానికి చేరిన కాంతిలో నేల తాలూకు ఆనవాలు మిగలదు. ఉన్నదంతా మబ్బు పైభాగపు సమాచారమే.

పత్రికల్లో తరచూ ఒక జంట బొమ్మ వేస్తుంటారు. ఎడమవైపు తెల్లటి మబ్బు, కుడివైపు పొలాలూ రోడ్లూ తేటగా కనిపించే చిత్రం, కింద ‘మబ్బును తొలగించిన కృత్రిమ మేధ’ అన్న వ్యాఖ్య. తొలగించడానికి ఆ తెలుపు వెనక ఏమీ లేదు. కుడివైపు కనిపించే పొలం యంత్రం ఇంకెక్కడి నుంచో తెచ్చి పెట్టింది. ఎక్కడి నుంచి తెచ్చింది, తెచ్చింది నమ్మదగ్గదేనా అన్నదే ఈ అధ్యాయంలో మనకు కావలసిన విషయం.

తాళపత్రాలను పరిష్కరించినవాళ్లకు ఈ పని బాగా తెలుసు. పురుగు తిన్న చోట అక్షరం లేదు, ఎంత వెలుతురులో చూసినా కనపడదు. అప్పుడు పండితుడు మూడు దిక్కులకు పోతాడు. అదే కావ్యానికి మరో ప్రతి ఉందేమో చూస్తాడు. సి.పి. బ్రౌన్ దగ్గర పనిచేసిన పండితులు పగలూ రాత్రీ చేసింది చాలావరకు ఈ ప్రతుల పోలికే. మరో ప్రతి లేకపోతే ముందూ వెనకా ఉన్న మాటలను బట్టి ఊహిస్తాడు. ఊహ దారి తప్పకుండా యతి, ప్రాస, గణాలు కాపు కాస్తాయి. మబ్బు కింది పిక్సెళ్లను నింపే పద్ధతులన్నీ ఈ మూడు దారుల్లోనే నడుస్తాయి. మరో ప్రతి అంటే మరో రోజు తీసిన చిత్రం. ముందూ వెనకా మాటలంటే చుట్టుపక్కల పిక్సెళ్లు. ఛందస్సులా ఊహకు కళ్లెం వేసేది రాడార్.

మొదటి దారి పాతది, యంత్రాభ్యాసం అక్కర్లేనిది. ఒకే చోటును పదిసార్లు తీసిన చిత్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్రతి పిక్సెల్‌కూ నడిమి విలువను తీసుకుంటే మబ్బులు వాటంతటవే రాలిపోతాయి. పది రోజుల్లో మూడు రోజులు మబ్బు, ఏడు రోజులు పొలం అయితే నడిమి విలువ పొలానిదే అవుతుంది. పచ్చదనపు సూచిక అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న రోజును ఎంచుకునే పద్ధతి 1980ల నుంచే వాడుకలో ఉంది. మబ్బు ఆ సూచికను తగ్గిస్తుంది గనక ఎక్కువ విలువ వచ్చిందంటే ఆ రోజు ఆకాశం తెరిపిగా ఉన్నట్టే. 2013లో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ హాన్సెన్ బృందం ప్రపంచ అడవుల పటం తయారు చేసినప్పుడు 6,54,178 లాండ్‌శాట్-7 చిత్రాలను జల్లెడ పట్టింది. అడవి అట్టే మారదు, మారితే నరికివేతే. ఏడాదికో చిత్రం చాలు.

వరి అలా ఊరుకోదు. దమ్ము చేసిన మడి ఇవాళ నీళ్లూ బురదా, నెల తిరక్కుండా పచ్చటి చాప, ఇంకో రెండు నెలలకు పసుపు. రెండు నెలల చిత్రాల నడిమి విలువ తీస్తే వచ్చే రంగు ఆ మడిలో ఏ రోజూ ఉన్న రంగు కాదు. మరో ప్రతి ఉంది గాని అది మరో పద్యానిది.

అక్కడే రాడార్ అవసరం పడుతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2014లో ఎగరేసిన సెంటినెల్-1 తన తరంగాలను తానే పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని నమోదు చేస్తుంది. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 5.6 సెంటీమీటర్లు. మేఘబిందువు దానికన్నా కొన్ని వేల రెట్లు చిన్నది, తరంగం దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. పగలూ రాత్రీ తేడా లేదు. మన శ్రీహరికోట నుంచి 2012లో వెళ్లిన రిశాట్-1, 2022లో వెళ్లిన ఈవోఎస్-04 ఇదే కోవలోవి. 2025 జూలై 30న అక్కడి నుంచే ఎగిరిన నైసార్, ఇస్రో, నాసా కలిసి చేసినది, ఇంకా పొడవైన తరంగాలతోనూ చూస్తుంది.

అయితే రాడార్‌కు రంగు తెలియదు. ఎంత గరుకుగా ఉంది, ఎంత తడిగా ఉంది, ఏ ఆకారంలో నిలబడి ఉంది అన్నవే దానికి తెలుస్తాయి. రాడార్ ఏటవాలుగా చూస్తుంది గనక నిలకడగా ఉన్న నీటి మీద పడ్డ తరంగం అటువైపే జారిపోతుంది, చిత్రంలో ఆ చోటు నల్లగా వస్తుంది. అందుకే దమ్ము చేసి నీరు పెట్టిన మడి నల్లగా మొదలై, పైరు లేచేకొద్దీ తెల్లబడుతూ వస్తుంది. ఖరీఫ్ వరి విస్తీర్ణాన్ని మన దేశంలో రాడార్‌తో లెక్కగడుతున్నది ఈ ఆనవాలును పట్టుకునే. కానీ ఆకు ముదురాకుపచ్చా లేతాకుపచ్చా, తెగులు తగిలి పసుపెక్కిందా అంటే రాడార్ చెప్పలేదు.

ఒకటి చూడగలదు గాని రంగు చెప్పలేదు, ఇంకొకటి రంగు చెప్పగలదు గాని చూడలేదు. ఈ రెంటినీ జోడించవచ్చని చాలామందికి తోచింది. దాన్ని గట్టిగా చేసి చూపినవాళ్లలో జర్మనీలోని మ్యూనిక్ కేంద్రంగా పనిచేసిన షియావ్ షియాంగ్ జూ, మైకేల్ ష్మిట్, ప్యాట్రిక్ ఎబెల్, ఆండ్రియా మెరానర్ ముఖ్యులు. వాళ్లు 2020లో వెలువరించిన పద్ధతి అర్థమైతే తరవాత వచ్చినవాటిలో సగం అర్థమైనట్టే.

యంత్రానికి చదువు చెప్పాలంటే ప్రశ్నలూ జవాబులూ కావాలి. ఇక్కడ ఒక్కో పాఠంలో మూడు చిత్రాలుంటాయి. మబ్బు పట్టిన సెంటినెల్-2 చిత్రం, అదే చోటుకు దగ్గరి రోజుల్లో తీసిన సెంటినెల్-1 రాడార్ చిత్రం, అదే కాలంలో మబ్బు లేని రోజున తీసిన సెంటినెల్-2 చిత్రం. మొదటి రెండూ ప్రశ్న, మూడోది జవాబు. ఖండఖండాల నుంచి, వేర్వేరు రుతువుల నుంచి 169 ప్రాంతాలను ఎంచుకుని, వాటిని రెండున్నర కిలోమీటర్ల పక్కల చదరాలుగా కోసి, లక్షా 22 వేలకు పైగా ఇలాంటి త్రయాలను ఆ బృందం కూర్చి ఎవరైనా వాడుకోమని విడుదల చేసింది. అల్గారిథమ్ పేరు వార్తల్లోకి ఎక్కుతుంది గాని, ఈ రంగం ముందుకు నడిచింది చాలావరకు ఇలా ఓపిగ్గా సరుకు పోగేసి పంచిపెట్టడం వల్లనేనని నా నమ్మకం.

న్యూరల్ నెట్‌వర్క్ మొదట ఏదో ఒక చిత్రం గీస్తుంది. అది జవాబుకు ఎంత దూరంలో ఉందో కొలుస్తారు. ఆ దూరం తగ్గేటట్టు లోపలున్న లక్షలాది అంకెలను ఇసుమంత ఇసుమంతగా సవరిస్తారు. ఈ తంతు పాఠం మీద పాఠంగా లక్షల సార్లు సాగుతుంది. మ్యూనిక్ బృందం ఇక్కడ రెండు తెలివైన పనులు చేసింది. నెట్‌వర్క్ చేత చిత్రం మొత్తాన్ని గీయించలేదు, మబ్బు చిత్రానికి ఎంత మార్పు కలపాలో అదొక్కటే చెప్పమంది. మబ్బు లేని చోట కలపాల్సింది సున్నా, నేర్చుకోవడం తేలిక. రెండోది, తెరిపిగా ఉన్న పిక్సెల్‌ను నెట్‌వర్క్ ముట్టుకుంటే జరిమానా వేసింది. కనిపిస్తున్నదాన్ని కనిపిస్తున్నట్టే ఉంచు అని. వినడానికి ఇంత చిన్న నియమం, కానీ ఇది లేకపోతే యంత్రం శుభ్రంగా ఉన్న పొలాలకు కూడా మెరుగులు దిద్దుతుంది.

అందుకు ముందు, ఏది మబ్బో ఏది కాదో తెలియాలి. అదీ అనుకున్నంత సులువు కాదు. ఉప్పు మళ్లు, ఇసుక తిన్నెలు, సున్నం కొట్టిన డాబాలు మబ్బులా మెరుస్తాయి. మబ్బు నీడ చెరువులా నల్లగా పడుతుంది. దీనికి ఇంజనీర్లు చేసిన ఒక ఏర్పాటు నాకు ముచ్చటగా తోస్తుంది. సెంటినెల్-2లో 1.38 మైక్రాన్ల దగ్గర ఒక బ్యాండ్ ఉంది. ఆ తరంగదైర్ఘ్యాన్ని గాలిలోని నీటియావిరి దాదాపు పూర్తిగా మింగేస్తుంది, కాబట్టి దానిలో నేల కనిపించనే కనిపించదు. ఆవిరికి పైన, చాలా ఎత్తులో తేలే పలుచని మంచుమబ్బులు మాత్రం మెరుస్తాయి. నేలను చూడటానికి పంపిన ఉపగ్రహంలో నేలే కనపడని కన్ను ఒకటి పెట్టడం అన్నమాట.

ఇప్పుడు అసలు చిక్కు. మబ్బు ఉన్న క్షణాన అదే చోట మబ్బు లేని చిత్రం ఉండటం అసాధ్యం. జవాబు చిత్రం ఎప్పుడూ మరో రోజుదే. ఆ మధ్యలో ఎవరో కోత కోసి ఉండవచ్చు, కాలువ వదిలి ఉండవచ్చు, గట్టు తెగి ఉండవచ్చు. అంటే యంత్రానికి మనం ఇస్తున్న జవాబుల పుస్తకంలోనే తప్పులున్నాయి, అవి ఎక్కడున్నాయో మనకూ తెలియదు. తేట చిత్రం మీద కంప్యూటర్‌తో దొంగ మబ్బు గీసి పాఠం చెబితే ఈ బాధ తప్పుతుంది. కానీ దొంగ మబ్బుల మీద మంచి మార్కులు తెచ్చుకున్న నెట్‌వర్క్ నిజం మబ్బుల దగ్గర తడబడుతుంది.

జవాబు చిత్రం మరో రోజుది కావడం వల్ల వచ్చే ఫలితం లోతైనది. జవాబులన్నీ చూశాక యంత్రం బాగా నేర్చుకునేది మారని విషయాలను. ఊరు ఉన్నచోట ఊరు, కొండ ఉన్నచోట కొండ, రోడ్డు ఉన్నచోట రోడ్డు. వీటిని అది అచ్చుగుద్దినట్టు నింపుతుంది, మార్కులు కొట్టేస్తుంది. చిత్రంలో నూటికి తొంభై పిక్సెళ్లు మారనివే అయితే మిగిలిన పదింటినీ తప్పు నింపినా సగటు మార్కు బాగానే ఉంటుంది. మనం మబ్బు కింద చూడాలనుకునేది ఆ పదింటినే. మారని రోడ్డును చూడటానికి నిన్నటి చిత్రం చాలు, యంత్రం ఎందుకు?

తెలియని చోట యంత్రం ఎలా ప్రవర్తిస్తుందన్నది దాన్ని ఎలా పెంచామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. సగటు తప్పును తగ్గించమని పెంచితే జాగ్రత్తపరుడిలా మధ్యస్థంగా చెబుతుంది. ఆ మడిలో నాట్లు పడి ఉండవచ్చు, బీడుగా ఉండవచ్చు అన్నప్పుడు సగం పచ్చ, సగం గోధుమ కలిపిన మసక రంగు పూస్తుంది. చూడగానే మసకగా ఉంది గనక మనం అనుమానిస్తాం, అది మేలే. ఈ మసక నచ్చనివాళ్లు గ్యాన్ నెట్‌వర్క్‌లను తెచ్చారు. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో బృందం ప్రతిపాదించిన ఆ పద్ధతిలో ఒక నెట్‌వర్క్ బొమ్మ గీస్తుంది, ఇంకొకటి అది నిజం చిత్రమా దొంగదా అని నిలదీస్తుంది. గీసేది నిలదీసేదాన్ని ఒప్పించేదాకా నేర్చుకుంటుంది. ఇలా పెరిగిన యంత్రం మసకగా చెప్పడం మానేస్తుంది. గట్లు తీరుగా ఉంటాయి, ఇళ్ల కప్పులు మెరుస్తాయి. ఆ ఇల్లు అక్కడ ఉందా అన్నది వేరే సంగతి. దానికి ఇచ్చిన పని నమ్మించడం, నమ్మించింది. చూడముచ్చటైన చిత్రం కావాలంటే ఇది చాలు, ఎకరాలు కొలవాలంటే నేను మసక చిత్రాన్నే అడుగుతాను.

మంచి పరిష్కర్త తాను పూరించిన అక్షరాలను కుండలీకరణాల్లో పెట్టి, కింద పాఠాంతరాలు ఇస్తాడు. యంత్రాల్లో ఆ అలవాటు ఆలస్యంగా వచ్చింది. 2023లో ఎబెల్, జూ తదితరులు చేసిన ఒక నెట్‌వర్క్ వేర్వేరు తేదీల మబ్బు చిత్రాలను, రాడార్ చిత్రాలను కలిపి చూసి, ప్రతి పిక్సెల్‌కూ రెండు అంకెలు ఇస్తుంది. ఒకటి ఊహించిన విలువ, రెండోది ఆ ఊహ మీద తనకున్న అనుమానం ఎంతన్నది. అనుమానం ఎక్కువున్న పిక్సెళ్లను పక్కనపెడితే మిగిలినవాటిలో తప్పు తగ్గుతుందని పరీక్షించి చూపారు. ఇప్పుడు వస్తున్న డిఫ్యూజన్ పద్ధతులు అదే మబ్బు కింద విడివిడిగా పది నేలలను గీయగలవు. పదీ ఒకేలా వచ్చిన చోట ధైర్యంగా ఉండవచ్చు, వేర్వేరుగా వచ్చిన చోట యంత్రానికి తెలియదని అర్థం. పత్రికల్లో వేసే జంట బొమ్మలో కుడివైపు చిత్రం పక్కన ఈ అనుమానపు పటాన్ని కూడా వేస్తే బాగుండును.

వరదల దగ్గర చూసినదానికీ పూరించినదానికీ ఉన్న తేడా ప్రాణాంతకం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారుతున్నప్పుడు, ఆకాశమంతా మబ్బే. అలాంటి రోజు చిత్రాన్ని పాత చిత్రాల నుంచి నేర్చుకున్న యంత్రం చేతికిస్తే, ఎండిన వీధులతో చక్కటి విజయవాడను గీసి ఇస్తుంది. ఏళ్ల తరబడి అది చూసింది ఆ విజయవాడనే మరి. ముంపు పటాలకు రాడార్‌నే నేరుగా వాడటానికి కారణం ఇది. అయితే రాడార్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. పొలంలో నిలిచిన వరదనీరు నల్లగా కనిపిస్తుంది గాని, ఇళ్ల మధ్య వీధిలో నిలిచిన నీటికి తగిలిన తరంగం ఎదురుగోడకు కొట్టుకుని నేరుగా ఉపగ్రహానికి తిరిగి వెళుతుంది. అప్పుడు మునిగిన వీధి నల్లబడే బదులు ఇంకా తెల్లగా మెరుస్తుంది. నల్లటి చోట్లనే వరదగా లెక్కించే పద్ధతి పొలాలను పట్టుకుని, ఊరిని వదిలేస్తుంది.

డబ్బు ముడిపడిన చోట కూడా ఇంతే. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమల దిగుబడి లెక్కలో సాంకేతిక పద్ధతుల అంచనాకు కనీసం 30 శాతం వాటా ఇచ్చారు. ఉపగ్రహ చిత్రాలు అందులో ప్రధానం. పంటకోత ప్రయోగాల్లో జరిగే జాప్యం, తారుమార్లు చూసినవాళ్లు దీన్ని కాదనరు, నేనూ కాదనను. కానీ ఖరీఫ్ అంటే మబ్బు. ఒక గ్రామం పచ్చదనపు గీతలో ఎన్ని తేదీలు ఉపగ్రహం కళ్లారా చూసినవి, ఎన్ని యంత్రం పూరించినవి అన్నది ఆ గ్రామపు రైతు అడిగితే చెప్పగలిగేలా ఉండాలి. పూరించిన విలువను చూసిన విలువతో కలిపేసి ఒకే ఫైలులో పెడితే, తరవాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

మరో దారి కూడా ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. మనకు కావలసింది బొమ్మా, ఆ బొమ్మ నుంచి తేల్చుకోవాల్సిన జవాబా? మ్యూనిక్‌లోనే మార్క్ రుస్‌వుర్మ్, మార్కో కోర్నర్ అనే ఇద్దరు పంటల గుర్తింపు మీద పనిచేస్తూ, మబ్బులను తీయకుండా, నింపకుండా, ఏడాది చిత్రాలన్నిటినీ వచ్చినవి వచ్చినట్టే నెట్‌వర్క్‌కు ఇచ్చారు. ఏ తేదీకి ఎంత విలువ ఇవ్వాలో తనే తేల్చుకునే రకం నెట్‌వర్క్ అది, భాషా యంత్రాల్లో వాడే ట్రాన్స్‌ఫార్మర్ కుటుంబానిదే. ఇది మొక్కజొన్న, ఇది గోధుమ అని చెప్పడం నేర్చుకునే క్రమంలో అది మబ్బు పట్టిన తేదీలను పట్టించుకోకపోవడం కూడా నేర్చుకుంది. మబ్బంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు. ఆ తేదీల వల్ల జవాబుకు ఉపయోగం లేదని తనకే తెలిసింది. దానితో రాడార్‌ను కూడా కలిపితే నాట్లు పడ్డాయా లేదా అన్న ప్రశ్నకు, మధ్యలో ఎక్కడా ఊహాచిత్రం గీయకుండానే జవాబు రాబట్టవచ్చు. తేట చిత్రం అవసరమయ్యేది చివర్లో, ఆ జవాబును కళ్లతో చూసి సరిపోల్చుకోవాలనుకునే అధికారికీ రైతుకూ. అప్పుడు కూడా వాళ్లకు ఇవ్వాల్సింది ఆ నెలలో ఆకాశం నిజంగా తెరిపిచ్చిన రోజు తీసిన చిత్రం, ఎన్ని రోజుల పాతదో తేదీతో సహా.